మడమ వెనక ఎవరు

మరియదాసు ఆశ్రమానికి వచ్చేనాటికి ఆపరేషన్ అయి పది వారాలు దాటింది. ఎడమ కాలికి మోకాలి దాకా పెద్ద బూటు, చంకల్లో రెండు కర్రలు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. గేటు దగ్గర ఆటో దిగి, నాలుగు మెట్లెక్కి వరండాలోకి వచ్చేసరికి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

వరండాలో బ్రదర్ శౌరయ్య చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. ఆయనకి డెబ్బై ఏళ్లు. ఫాదర్ కాదు కాబట్టి పూజ చెప్పడు. ఆశ్రమంలో తోట పని, వడ్రంగం పని ఆయనవి. వాటితో పాటు నలభై ఏళ్ల పాటు అక్కడి హాస్టలు పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పాడు. హాస్టలు మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు మఠంలో చేరడానికి వచ్చిన పది పన్నెండు మంది మాత్రం సాయంత్రాలు ఆ సిమెంటు కోర్టులో ఆడుకుంటూ ఉంటారు.

బ్రదర్ దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లలో దేశంలోని పెద్ద లీగ్ దాకా వెళ్లినవాడు ఒక్క మరియదాసే.

"నవంబర్‌లో మా జట్టు శిబిరం మొదలవుతుంది బ్రదర్. ఆలోగా నన్ను కోర్టులో నిలబెట్టాలి మీరు" అన్నాడు, కూర్చోకుండానే.

"డాక్టరు ఏమన్నాడు?"

"తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుందన్నాడు. ఆయన అందరికీ అలాగే చెప్తాడు. నా చోటులో అప్పుడే ఇంకొకణ్ణి తీసుకున్నారు. నవంబర్‌లో నేను కనపడకపోతే ఇంక నేను లేనట్టే. ఇరవై తొమ్మిదేళ్లు నాకు."

బ్రదర్ చేతిలో ఉన్న కాయ ఒలిచి గిన్నెలో వేశాడు. కూర్చోమని, బూటు విప్పమన్నాడు.

కాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పిక్క సగానికి సగం కరిగిపోయి ఉంది. మడమ పైన, పెద్ద నరం ఉండే చోట, జానెడు కుట్టు. డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు దాన్ని. మనిషి పరిగెత్తినా, ఎగిరినా ఒంటి బరువంతా మోసేది అదే. బ్రదర్ బొటనవేలితో ఆ కుట్టు పొడుగునా మెల్లగా నిమిరాడు. తర్వాత కుడి కాలు కూడా ఇవ్వమని, మడమ పైన రెండు వేళ్లతో నొక్కి చూశాడు. మరియదాసు ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. ఆ కాలికి దెబ్బేమీ తగల్లేదు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?" అన్నాడు బ్రదర్.

"మార్చిలో. మ్యాచ్‌లో వాడు తన్నినప్పుడు."

బ్రదర్ కాలిని మెల్లగా కింద పెట్టాడు.

"గది చూపిస్తారు, వెళ్లు. పొద్దున్న ఆరింటికి కోర్టు దగ్గరికి రా" అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకున్నాడు.

ఆ మ్యాచ్ లీగ్ సెమీఫైనల్. మూడో క్వార్టర్ నడుస్తోంది. బంతి మరియదాసు చేతిలో ఉంది. ఎదురుగా ఉన్నవాణ్ణి దాటి రింగు వైపు దూసుకుపోదామని ఎడమ కాలు వెనక్కి వేసి నేలని తన్నాడు. అప్పుడే ఎవరో వెనకనుంచి గట్టి బూటుతో మడమ మీద తన్నినట్టయింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. ఆ చప్పుడు బెంచీ మీద కూర్చున్నవాళ్లకి కూడా వినపడింది.

కింద పడుతూనే వెనక్కి తిరిగి చూశాడు. రెండడుగుల దూరంలో అవతలి జట్టు కుర్రాడు సింహాద్రి ఉన్నాడు.

"వీడే! వీడే తన్నాడు!" అని వేలు చూపించి అరిచాడు మరియదాసు.

రిఫరీ ఏమీ చూడలేదు. కానీ హాలంతా ఆ వేలిని చూసింది. నీళ్ల సీసాలు వచ్చి కోర్టులో పడ్డాయి. సింహాద్రి రెండు చేతులూ పైకెత్తి ఏదో చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. రిఫరీ అతన్ని ఆట నుంచి పంపేశాడు. ఆ రోజు నుంచి ఒక చిన్న వీడియో ఫోన్లలో తిరిగింది. అది తీసిన కోణంలో సింహాద్రి పాదం, మరియదాసు మడమ ఒకదాని మీద ఒకటి పడ్డట్టే కనిపిస్తాయి. లీగ్ వాళ్లు అతన్ని ఏడాది నిషేధించారు. అతని జట్టు కూడా అతన్ని వదిలేసింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు. శ్రీకాకుళం జిల్లావాడు. పెద్ద లీగ్‌లో అదే మొదటి ఏడు.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు మరియదాసుని అడిగాడు.

"ఎవరో వెనకనుంచి తన్నినట్టు అనిపించిందా?"

"అనిపించడమేంటి సార్, తన్నాడు."

"ఈ నరం తెగినవాళ్లందరూ అదే అంటారు. ఒంటరిగా ఖాళీ మైదానంలో పరిగెత్తుతూ పడిపోయినవాళ్లు కూడా ఎవరు తన్నారా అని వెనక్కి తిరిగి చూశామని చెప్పారు నాకు" అన్నాడు డాక్టరు. "అంతకు ముందు నొప్పి ఉండేదా?"

"లేదు."

ఆపరేషన్ అయ్యాక మళ్లీ వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "లోపల నరం ఆరోగ్యంగా లేదయ్యా. చాలా రోజులుగా పాడవుతూ వచ్చింది. ఇన్నాళ్లూ నీకు నొప్పి తెలియకుండా ఉండే అవకాశం తక్కువ" అన్నాడు.

మరియదాసు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అతనికి తెలుసు. నొప్పి డిసెంబర్‌లో మొదలైంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉండేది. కాసేపు నడిస్తే సర్దుకునేది. తర్వాత తర్వాత సర్దుకోవడం మానేసింది. జట్టు డాక్టరుకి చెప్తే కూర్చోబెట్టేస్తారు. అందుకని ఫిబ్రవరిలో తనని ఎవరూ ఎరగని ఊరికి వెళ్లి, వేరే పేరు చెప్పి, మడమలో ఇంజెక్షన్ చేయించుకున్నాడు. రెండు వారాలు నొప్పి తెలియలేదు. అప్పుడు ఆ ఇంజెక్షన్ చేసిన మనిషిని మనసులో దీవించాడు.

సింహాద్రి తప్పు లేదని చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. దెబ్బ దాచి ఆడినవాణ్ణి జట్టు ఉంచుకోదు. అది ఒప్పందంలోనే రాసి ఉంది.

అందుకే చెప్పలేదు. విలేకరులకి, స్నేహితులకి, ఇంట్లోవాళ్లకి మార్చి నాటి తన్ను గురించే చెప్పాడు. చెప్పగా చెప్పగా ఒక్కోసారి అతనికే ఆ బూటు తగిలిన స్పర్శ గుర్తొచ్చేది.

ఆశ్రమంలో రోజులు ఒకేలా గడిచాయి. ఆరింటికి కోర్టు. డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని బ్రదర్ కళ్లజోడు పెట్టుకుని చదివి, దానిలో ఎంత ఉంటే అంతే చేయించేవాడు. ఒక్కటి ఎక్కువ చేయనిచ్చేవాడు కాదు, తక్కువ చేయనిచ్చేవాడూ కాదు. మొదట కూర్చుని మడమలెత్తడం. బూటు తీసేశాక నీళ్ల తొట్టి చుట్టూ నడక. తర్వాత గోడ పట్టుకుని రెండు కాళ్ల మీదా లేవడం.

ఆదివారం పూజ అయ్యాక గుడి బయట బ్రదర్ అతని కాలు చూసేవాడు. చూసి, ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"మార్చిలో అని చెప్పాను కదండీ."

బ్రదర్ తల ఊపి తోటలోకి వెళ్లిపోయేవాడు. ఆయన గొంతులో కోపం ఉండేది కాదు. ముసలితనం వల్ల మరిచిపోతున్నాడేమో అనుకుందామని చూశాడు మరియదాసు. కానీ ఆయన మిగతా ఏదీ మరిచిపోయేవాడు కాదు.

ఆగస్టులో అసలు పరీక్ష వచ్చింది. ఎడమ కాలు ఒక్కదాని మీదే నిలబడి మడమ ఎత్తాలి.

మరియదాసు గోడ మీద చేయి ఆనించి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆ కాలితోనే మూడున్నర అడుగులు ఎగిరి రింగు పట్టుకున్నవాడు. పళ్లు బిగించాడు. పిక్క వణికింది. మడమ నేలని వదల్లేదు.

బ్రదర్ జేబులోంచి పాత క్యాలెండర్ కాగితం తీసి, మడత విప్పి, అతని మడమ కింద పెట్టాడు.

"ఇది చిరక్కుండా నా చేతికొస్తే ఒకటి" అన్నాడు.

లాగితే చిరిగింది. మర్నాడూ చిరిగింది. మూడు వారాల్లో ఆ ఏడాది నెలలన్నీ ముక్కలైపోయాయి. మరియదాసు గదిలోకి వెళ్లి మంచం మీద బోర్లా పడుకునేవాడు. జట్టువాళ్ల ఫోన్లు తగ్గిపోయాయి. తన చోటులో ఆడబోయేవాడి ఫొటో పేపర్లో చూశాడు. అన్నం సహించేది కాదు.

సెప్టెంబర్ మొదటివారంలో ఒకనాడు బ్రదర్ లాగిన కాగితం మొత్తంగా బయటికి వచ్చింది.

ఇద్దరూ దాన్ని చూశారు. బ్రదర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు రెండు" అన్నాడు.

మరియదాసు ఆ మధ్యాహ్నమే, బ్రదర్ తోటలో ఉన్నప్పుడు, కోర్టులోకి వెళ్లి ఎగిరి చూశాడు. మర్నాడు కూడా ఎగిరాడు. రాత్రికి మడమ వాచేది. సాక్స్ వేసుకుని దాచేవాడు. ఆ వారమే జట్టు నుంచి ఫోన్ వచ్చింది. అక్టోబర్ ఇరవైన వచ్చి కాలు చూపించాలి. పాసైతే శిబిరానికి తీసుకుంటారు.

"పిలిచారు బ్రదర్!" అని పరిగెత్తినంత పని చేసి వచ్చి చెప్పాడు. "నేను తయారుగా ఉన్నాను. మీరు అవునంటే చాలు."

బ్రదర్ వంకాయ మొక్కలకి పాదులు తవ్వుతున్నాడు. పలుగు పక్కన పెట్టి, అక్కడే మట్టిలో కూర్చుని, అతని సాక్స్ కిందికి లాగాడు. వాపు చూశాడు. మళ్లీ పైకి లాగాడు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

మరియదాసుకి ఒళ్లు మండిపోయింది. "ఎన్నిసార్లు అడుగుతారండీ? మార్చిలో! వాడు తన్నినప్పుడు!"

బ్రదర్ చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు. తర్వాత పలుగు పట్టుకుని లేచాడు.

మర్నాడు ఆరింటికి కోర్టు దగ్గర ఎవరూ లేరు. బ్రదర్ గది తలుపు వేసి ఉంది. తెల్లారుజామునే గుడ్డసంచీ తగిలించుకుని వెళ్లాడని వంటాయన చెప్పాడు. ఎక్కడికో ఫాదర్‌కి కూడా చెప్పలేదట.

నాలుగో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఆటో దిగి గేటు పట్టుకుని నిలబడిపోయాడు. పాదాలు రెండూ చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది. మరియదాసే భుజం కింద చేయి వేసి గదిలోకి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టాడు. వేడినీళ్లు తెచ్చి పాదాలు అందులో పెట్టించాడు.

"ఎక్కడికెళ్లారు బ్రదర్ ఈ వయసులో?"

"పలాస దగ్గరికి. రైల్లో చోటు దొరకలేదు, నిలబడే వెళ్లాను. సింహాద్రి వాళ్ల ఇల్లు కనుక్కోవడానికి ఒక పూట పట్టింది."

మరియదాసు చేయి నీళ్లలోనే ఆగిపోయింది.

"ఎందుకు?"

"క్షమించమని అడగడానికి."

"నా తరఫునా?"

"కాదు. నా తరఫున."

బ్రదర్ కళ్లు మూసుకుని మాట్లాడాడు. జ్వరం వల్ల గొంతు నీరసంగా ఉంది.

"పోయిన క్రిస్మస్‌కి ఇక్కడికి వచ్చావు. పూజ అయ్యాక గుడి మెట్లు పక్కకి తిరిగి, గోడ పట్టుకుని ఒక్కోటీ దిగావు. నేను కింద నిలబడి చూస్తున్నాను. మడమ నొప్పి ఉన్నవాడే అలా దిగుతాడు. ఆరోజు అడిగితే చెప్పేవాడివే. అడగలేదు. నువ్వా ఏడు ఫైనల్ ఆడాలని నాకూ ఉంది. మా వాడు, నా దగ్గర నేర్చుకున్నవాడు అని చెప్పుకోవాలని ఉంది."

మరియదాసు ఆ పాదాల మీద మళ్లీ నీళ్లు పోశాడు.

"వీడియో మేమూ చూశాం. నాకు అప్పుడే అర్థమైంది, తన్నలేదని. అయినా నోరెత్తలేదు. ఆ కుర్రాడి ముందు ఇదంతా చెప్పాను." బ్రదర్ కళ్లు తెరిచాడు. "నాది నేను దించుకున్నాను రా దాసూ. నీది నీ దగ్గరే ఉంది."

తర్వాత పాదాలు నీళ్లలోంచి తీసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నీళ్లు చల్లారేదాకా మరియదాసు ఆ పాదాల దగ్గరే కూర్చున్నాడు.

"డిసెంబర్‌లో" అన్నాడు చివరికి. "డిసెంబర్ మొదటివారంలో మొదలైంది బ్రదర్."

బ్రదర్‌కి నిద్ర పట్టేసిందో, విన్నాడో తెలియలేదు.

పలాసలో సింహాద్రి జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. మరియదాసు వెళ్లేసరికి గోడౌన్ బయట ఒక బస్తా మీద కూర్చుని ఉన్నాడు. ఇతన్ని చూసి లేవలేదు. పొమ్మని కూడా అనలేదు.

"కాలెలాగుంది?" అన్నాడు.

"నడుస్తున్నాను."

"మీ ముసలాయనొచ్చినాడు. నా కాళ్ల దగ్గర కూకుండిపోనాడు. మాయమ్మ ఏడ్చింది. నాకేటీ ఏడుపు రానేదు."

మరియదాసు ఎదురుగా నిలబడే ఉన్నాడు.

"ఇక్కడేం పని చేస్తున్నావు?"

"బస్తాలు పేరుస్తాను. పై వరసకి అందరికీ నిచ్చెన కావాల, నాకక్కర్నేదు. నా పొడుగు దీనికి పనికొచ్చింది." సింహాద్రి నవ్వలేదు. "నాకొక్కటి చెప్పన్నా. నాను తన్నినానా?"

"లేదు."

"గట్టిగా చెప్పు."

"లేదు సింహాద్రీ. ఎవరూ తన్నలేదు. నా నరం అప్పటికే పాడైపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. పడ్డ క్షణంలో నువ్వే తన్నావనుకున్నాను, అది నిజం. కానీ ఆస్పత్రిలో తెలిసిపోయింది. తెలిసి కూడా నీ మీదే ఉంచాను."

సింహాద్రి రెండు అరచేతులూ తొడల మీద రాసుకున్నాడు. చేతులనిండా జీడి మరకలు.

"ఆ వీడియో రోజూ చూసినానన్నా. మూడు నెలలు. మొదట్లో తన్ననేదని నాకు తెలుసు. చూడగా చూడగా... ఏమో, తన్నీసినానేమో అనిపించీది. నాకే తెలీకండా నా కాలు తన్నీసిందేమోనని." కూర్చున్న బస్తా తాడు బిగించాడు. "ఇప్పుడు నేదని నువ్వంటన్నావు. మంచిదే. కానీ ఆ కాలు మీద నాకు నమ్మకం పోయింది. ఇక్కడ రైలు మైదానంలో కుర్రోళ్లు ఆడతారు. ఓపాలి ఎల్లినాను. పక్కనోడు దగ్గరకొస్తే చాలు, కాళ్లు బిగుసుకుపోతాయి. తగుల్తాదేమోనని. బంతి వొదిలీసి వచ్చీసినాను."

మరియదాసు తన కాలి గురించి నెలల తరబడి ఏడ్చాడు. ఆపరేషన్లు, కుట్లు, డాక్టరు కాగితం ఏవీ లేకుండా ఇంకొకడి కాళ్లు కూడా అదే రోజున పోయాయని అప్పుడు చూశాడు.

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

"చెప్పవలసినోళ్లకి చెప్పు."

"చెప్తాను."

"అప్పుడు నిన్ను తీసీస్తారు కదా?"

"తీసేస్తారు."

సింహాద్రి మొదటిసారి అతని కాలి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి బస్తా భుజానికెత్తుకున్నాడు.

"మాయమ్మకి నువ్వొచ్చినట్టు తెలిస్తే బోంచేసి ఎల్లమంటాది. ఉండొద్దు. ఎల్లిపో అన్నా."

మరియదాసు వెళ్లిపోయాడు. ఆశ్రమానికి తిరిగొచ్చిన రోజే లీగ్ వాళ్లకీ, తన జట్టుకీ ఉత్తరం రాశాడు. డిసెంబర్ నొప్పి, వేరే పేరుతో వేయించుకున్న ఇంజెక్షన్, ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మాట అన్నీ రాశాడు. రాసింది బ్రదర్‌కి చూపించబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

లీగ్ వాళ్లు రెండు వాక్యాల కాగితంతో సింహాద్రి మీద నిషేధం ఎత్తేశారు. అప్పటికి అతని పాత జట్టులో ఆ చోటు నిండిపోయింది. వాళ్లు అతన్ని పిలవలేదు. మరియదాసు జట్టు మాత్రం వెంటనే జవాబిచ్చింది. పరీక్షకి రానవసరం లేదంది. పేపర్లు రెండు రోజులు అతన్ని తిట్టి మూడో రోజు మరిచిపోయాయి. ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్య, "ఎవరూ అడక్కుండా ఎందుకు చెప్పుకున్నావురా?" అని పెట్టేశాడు.

సింహాద్రికి మరియదాసు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి చేయలేదు.

నవంబర్ వచ్చి వెళ్లిపోయింది. ఇంక దేనికీ తొందర లేదు. అయినా పొద్దున్న ఆరింటికి బ్రదర్ కోర్టు దగ్గర నిలబడి ఉండేవాడు. పలాస నుంచి తెచ్చుకున్న జ్వరం ఆయన్ని పూర్తిగా వదల్లేదు. ఒంటి మీద ఉన్ని శాలువా కప్పుకుని, డాక్టరు కాగితం పట్టుకుని లెక్కపెట్టేవాడు. ఆదివారాలు కాలు చూసేవాడు. ప్రశ్న మాత్రం అడగడం మానేశాడు.

ఇరవై అయిదు సార్లు మడమెత్తడానికి ఫిబ్రవరి దాకా పట్టింది. కుడి కాలికి అన్నిసార్లు ఎత్తాక కూడా శక్తి మిగిలేది. ఎడమ కాలు అక్కడితో సరి. పరుగు వచ్చింది. ఎగరడం కూడా వచ్చింది, కానీ మునుపటి ఎత్తు లేదు. నిలబడ్డచోటి నుంచి ఒక్కసారిగా దూసుకుపోయే ఆ మొదటి అడుగు, అతన్ని పెద్ద లీగ్ దాకా తీసుకెళ్లిన అడుగు, ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. కాలు తోసేది, ఒళ్లు కదిలేది, కానీ మధ్యలో ఎక్కడో కొంచెం ఆలస్యమయ్యేది.

పదిహేనో నెలలో, జిల్లా పోటీల్లో ఆడే ఒక చిన్న జట్టు అతన్ని తీసుకుంది. మొదటి మ్యాచ్ ఒక కాలేజీ మైదానంలో. చూడటానికి వంద మంది కూడా లేరు. పదకొండు నిమిషాలు ఆడించారు. రెండుసార్లు బంతి రింగులో వేశాడు. ఇరవై ఏళ్లు కూడా నిండనివాడొకడు మూడుసార్లు అతన్ని దాటుకుని వెళ్లిపోయాడు. ఒకప్పుడైతే అలాంటివాణ్ణి ఆపడానికి మరియదాసు ఆలోచించే పని ఉండేది కాదు. మ్యాచ్ అయ్యాక జట్టువాళ్లు వచ్చి భుజం తట్టి, "మెల్లగా మళ్లీ పాత దాసువైపోతావు" అన్నారు.

పదిహేను నెలలుగా అందరూ అదే అంటున్నారు. ఆస్పత్రిలో నర్సులు, పాత కోచ్, పెళ్లిళ్లలో కనపడ్డ చుట్టాలు, రైల్లో గుర్తుపట్టినవాళ్లు. మునుపటికన్నా గట్టిగా వస్తావు అన్నవాళ్లు కూడా ఉన్నారు.

మర్నాడు ఆశ్రమానికి వెళ్లాడు. బ్రదర్ వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఈ మధ్య తోటలోకి దిగడం లేదు. మఠంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు కోర్టులో బంతి వేసుకుంటున్నారు. ఆ చప్పుడు వరండా దాకా వస్తోంది.

"ఆడావా?"

"పదకొండు నిమిషాలు."

బ్రదర్ తల ఊపాడు. మరియదాసు మెట్టు మీద, ఆయన కుర్చీ కింద కూర్చున్నాడు. షూ విప్పి, ఎడమ కాలి పిక్కని చేత్తో పట్టుకున్నాడు. కుడిదానికన్నా ఇప్పటికీ రెండు వేళ్ల మేర సన్నగానే ఉంది.

"ఒక్కటి అడగనా బ్రదర్? నా మనసుకి ఏది బాగుంటుందో అది చెప్పకండి."

"అడుగు."

"నా పాత కాలు మళ్లీ వస్తుందా?"

కోర్టులో బంతి రింగుకి తగిలి బయటికి దొర్లింది. ఒకడు దాని వెనక పరిగెత్తాడు. లోపల భోజనాల గంట మోగింది.

బ్రదర్ కుర్చీ చేతులు పట్టుకుని లేవడానికి ప్రయత్నించాడు. ఒకసారికి కాలేదు. మరియదాసు చేయి అందించాడు. ఆ చేయి పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుని, బ్రదర్ అతని ముఖంలోకి చూశాడు.

"అది రాదురా. నువ్వు రా, అన్నం చల్లారిపోతుంది."